జమ పుస్తకం

మా నాయనమ్మకు అస్సలు నచ్చని ప్రార్థన ఒకటుండేది. "ప్రభువా, నీవు చేసిన సమస్త మేలులకై నీకు స్తోత్రం, ఆమేన్." నిద్ర ముంచుకొస్తున్న పిల్లలకు ఇంతకంటే సులువైన ప్రార్థన ఇంకోటి దొరకదు. నేనూ తమ్ముడూ ఈ ఒక్క వాక్యంతో గట్టెక్కేద్దామని చూసేవాళ్లం. ఆవిడ కళ్లు తెరవకుండానే అడిగేది.

"సమస్తం అంటే ఏంటమ్మా?"

"అన్నీ, నాయనమ్మా."

"అన్నీ అంటే ఏదీ గుర్తు లేదనేగా. ఒక్కటి చెప్పు చాలు. ఇవాళ్టిది."

రాత్రి భోజనాలయ్యాక చాప పరిచేవాళ్లం. నాన్న బైబిల్లో ఒక భాగం చదివేవాడు, తాతయ్య ప్రార్థన చేసేవాడు. ఆ రెండింటికీ మధ్యలో నాయనమ్మ పెట్టించిన వరస ఒకటి ఉండేది: ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ రోజు దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పాలి. నిన్న చెప్పింది మళ్లీ చెప్పకూడదు. పక్కవాళ్లు చెప్పింది కూడా కుదరదు. చివర్లో కూర్చున్నవాళ్లకు ఏమీ మిగలదు కాబట్టి చాప మీద మొదటి చోటు కోసం మాకు రోజూ పోట్లాటే. స్తోత్రం చెప్పడానికి కొట్టుకునే పిల్లల్ని మా ఇంట్లోనే చూశానని తాతయ్య నవ్వేవాడు.

తమ్ముడు ఇందులో ఆరితేరాడు. "చెప్పు తెగింది, కానీ మన గుమ్మం దగ్గరికి వచ్చాక తెగింది, స్తోత్రం" అన్నాడు ఒకసారి. మేమంతా నవ్వాం. నాయనమ్మ నవ్వలేదు. "అదీ! అలా చూడాలి" అంది. తర్వాత చాలాకాలం అదే మా ఇంట్లో కొలబద్ద అయిపోయింది. నాన్న పెద్దగా మాట్లాడేవాడు కాదు. "ఫైలు మీద సంతకం అయింది" అనేసి ఊరుకునేవాడు. ఆ ఫైలేమిటో, ఎందుకు ఆగిందో, అది ఆగినన్నాళ్లూ ఆయన ఎంత టెన్షన్ పడ్డాడో మాకు తెలియదు. అమ్మ మాత్రం తరచూ ఒకే రకం మాట చెప్పేది. "ఇవాళ మధ్యాహ్నం ఓ పావుగంట నడుం వాల్చాను." ఇది కూడా ఒక మేలేనా అనిపించేది నాకు అప్పట్లో. ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. ఆ పావుగంట సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అందరూ చెప్పాక నాయనమ్మ పుస్తకం తీసేది. తాతయ్య గుమాస్తాగా చేసినప్పుడు మిగిలిపోయిన లెక్కల పుస్తకం అది. పొడుగ్గా, సన్నగా, గుడ్డ అట్టతో ఉండేది. లోపల నిలువునా ఎర్ర గీతలు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. ఆవిడ జమ వైపు మాత్రమే రాసేది. ఖర్చు గళ్లు పేజీల తరబడి తెల్లగా అలాగే ఉండిపోయేవి. తేదీ వేసి, ఒక్క ముక్క రాసి, చివర "స్తో." అని పెట్టేది. స్తోత్రం అని పూర్తిగా రాయడానికి కూడా తీరిక లేని గుమాస్తాలాగా. కొన్ని నాకు కంఠతా వచ్చు.

"చిన్నదానికి తెల్లారుజామున జ్వరం జారింది. స్తో."

"పోయిన తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికింది. స్తో."

"కొత్త కళ్లజోడు. కీర్తనలు నేనే చదువుకున్నా. స్తో."

"పక్కింటామె పలికింది. ముందు నేనే పలకరించాను. స్తో."

చివరిది ఒకటికి రెండుసార్లు చదివితే గానీ అర్థం కాదు. అందులో మేలు ఆమె పలకడమా, తనే ముందు పలకరించగలగడమా అని నాన్న ఆటపట్టిస్తే, రెండూ వేరువేరుగా రాయాల్సిందేమో అని నాయనమ్మ నిజంగానే ఆలోచనలో పడింది.

ఈ పట్టింపు ఆవిడకు ఎక్కడిదో నాకు కొంచెం పెద్దయ్యాక తెలిసింది. 136వ కీర్తన చదివే రోజు మా ఇంట్లో పండగలా ఉండేది. నాన్న వచనంలో మొదటి సగం చదివితే, "ఆయన కృప నిరంతరముండును" అని మేమంతా అందుకోవాలి. 26 వచనాలు, 26 సార్లు. పదోసారి దాటాక మా గొంతులు ఇల్లెగిరిపోయేంత లేచేవి. ఆ కీర్తన ఆకాశం, భూమి, సూర్యుడు, చంద్రుడు అంటూ మొదలవుతుంది. తర్వాత ఎర్రసముద్రం పాయలవుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఇద్దరు రాజుల పేర్లు వస్తాయి: అమోరీయుల రాజు సీహోను, బాషాను రాజు ఓగు. పాటలో ఈ పేర్లెందుకు, శత్రువుల్ని ఓడించాడంటే సరిపోదా? "చూశావా, ఆ రాసినాయన కూడా సమస్తం అని ఊరుకోలేదు. పేరుపేరునా చెప్పాడు" అనేది నాయనమ్మ. ఇంకా విచిత్రం చివర్లో ఉంది. సముద్రాన్ని చీల్చిన దేవుడే 25వ వచనంలో ప్రాణులన్నిటికీ ఆహారం పెడుతున్నాడు. సముద్రం చీలడం, కంచంలోకి అన్నం రావడం ఒకే వరసలో, ఒకే పల్లవితో ఉంటాయి. తాళంచెవి దొరకడం దానికింద ఇంకో వచనంగా చేర్చేస్తే పోలా అన్నట్టుండేది మా నాయనమ్మ వాటం.

ఓగు అంటే గుర్తొచ్చింది. ద్వితీయోపదేశకాండము మూడో అధ్యాయంలో ఆయన ఇనుప మంచం కొలతలు ఉన్నాయి. తొమ్మిది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు. మూరంటే దాదాపు అడుగున్నర కదా, పదమూడున్నర అడుగుల మంచం! తాతయ్య మోచేత్తో గది గోడ వెంబడి కొలిపించాం. ఏడు మూరలకే గది అయిపోయింది. మిగతా రెండు మూరలు వరండాలోకి వెళ్లాయి. ఇశ్రాయేలీయులు అంతటివాణ్ణి దాటుకుని వచ్చారన్నమాట అని ఆ రోజు మాకు పాట అర్థమైంది.

బైబిలంతా ఇలాంటి గుర్తులే, గమనించారో లేదో. ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటగానే దాని మధ్యలోంచి 12 రాళ్లు మోసుకొచ్చి గిల్గాలులో నిలబెట్టారు. ఎందుకంటే రేపు పిల్లలు "ఈ రాళ్లేంటి?" అని అడగాలట, అప్పుడు పెద్దవాళ్లు చెప్పాలట. ఎడారిలో దేవుడు కురిపించిన ఆహారం మన్నా, దాన్ని ఓ ఓమెరు (అప్పటి కొలత) కొలిచి పాత్రలో దాచమన్నాడు మోషే. సమూయేలు మిస్పాకూ షేనుకూ మధ్య ఒక రాయి నిలబెట్టి, "ఇంత వరకు యెహోవా మనకు సహాయము చేసెను" అని దానికి ఎబెనెజరని పేరు పెట్టాడు. "నా ప్రాణమా, ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని 103వ కీర్తనలో దావీదు తనకు తానే చెప్పుకుంటున్నాడు, ఎదుటివాళ్లకు కాదు. మనిషి మతిమరుపు మీద దేవుడికి బాగానే అంచనా ఉన్నట్టుంది.

అయితే ద్వితీయోపదేశకాండము ఎనిమిదో అధ్యాయంలో ఉన్న హెచ్చరిక చాలామంది ఇంకో రకంగా అనుకుంటారు. కష్టంలో దేవుణ్ణి మరిచిపోతారేమో అని కాదు అక్కడి భయం. కడుపు నిండాక, మంచి ఇళ్లు కట్టుకున్నాక, మందలు పెరిగాక, వెండి బంగారాలు కూడాక మరిచిపోతారేమో అని. ఇది ఎంత నిజమో నాయనమ్మ పుస్తకాలే సాక్ష్యం. డబ్బుకు కటకటలాడిన ఏళ్లలో పేజీలు కిక్కిరిసి ఉన్నాయి. ఒక్కో రోజుకు మూడేసి, నాలుగేసి. నాన్నకు ప్రమోషన్ వచ్చి, ఇంట్లోకి ఫ్రిజ్జు, స్కూటరు వచ్చిన ఏడాది పేజీలు పల్చబడ్డాయి. కొన్ని నెలల్లో వారానికొకటి కూడా లేదు. ఆ ఏడాది ఆఖర్లో ఆవిడే కనిపెట్టి, అడుగున కాస్త పెద్ద అక్షరాలతో రాసుకుంది: "బాగున్నాం కదా, రాయలేదు." దాని పక్కన స్తో. లేదు.

జ్ఞాపకాలు రాసుకునేవాళ్లందరూ సంఖ్యాకాండము 11వ అధ్యాయం ఒకసారి చదువుకోవాలని నా అభిప్రాయం. ఎడారిలో ఇశ్రాయేలీయులకు పాతరోజులు గుర్తొస్తాయి. బానిసలుగా ఉన్నప్పుడు ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి. పైగా అవన్నీ ఉచితంగా తిన్నామంటారు! ఇటుకలు కోసింది గుర్తులేదు, కొరడా దెబ్బలు గుర్తులేవు. ఉల్లిపాయ మాత్రం బ్రహ్మాండంగా గుర్తుంది. "ఆ రోజులే వేరమ్మా" అని ఎవరైనా మొదలుపెడితే నాయనమ్మకు ఇదే కథ గుర్తొచ్చేది. "ఏం వేరు? జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసుకుంటూ కూర్చున్న రోజులు" అని ఠక్కున కోసేసేది. నేను ఇదంతా రాస్తూ కూడా ఆవిడకు భయపడుతూనే ఉన్నాను. మా చాప మీద ఎప్పుడూ దేవదూతలు కూర్చోలేదు. తాతయ్య ప్రార్థన మరీ సాగేది, మధ్యలో గురక కూడా వినిపించేది, ఎవరిదో చెప్పను. అమ్మకూ నాయనమ్మకూ మాటల్లేని రోజులున్నాయి. ఆ రోజుల్లో కూడా ఇద్దరూ చెరో మేలు చెప్పేవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

భోజనం ముందు ప్రార్థన తాతయ్యది. అది చిన్నదే. రింకార్ట్ గారి కథ ఆయనకు ఇష్టం. మార్టిన్ రింకార్ట్ జర్మనీలో ఐలెన్‌బర్గ్ అనే ఊళ్లో పాదిరి. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ల యుద్ధం ఆయన బతుకంతా కమ్మేసింది. 1637లో ఊళ్లో తెగులు పడితే పాదిరుల్లో ఆయనొక్కడే మిగిలాడు. వేలమందికి భూస్థాపన చేశాడు, వాళ్లలో సొంత భార్య కూడా ఉంది. ఈ రోజుకీ ప్రపంచమంతా పాడుకునే కృతజ్ఞతాగీతం ఒకటి ఆయన రాసిందే, అదీ భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లు చెప్పుకోవడానికి రాసింది. తాతయ్య ఇదంతా చెప్పి, "మరి తినండి" అనేవాడు. అంతే. దానికి వ్యాఖ్యానం ఉండేది కాదు.

మా చిన్న బాబాయి చనిపోయిన ఏడాది గురించి రాయకుండా దాటేద్దామనుకున్నాను, కానీ అది రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

చిన్న వయసు. ఇంటినిండా జనం. ఓదార్చడానికి వచ్చినవాళ్లలో ఒకాయన నాయనమ్మ ఎదురుగా కూర్చుని, అన్నిటికీ స్తోత్రం చెప్పాలమ్మా అని మొదలుపెట్టి, కోరీ టెన్ బూమ్ అక్కచెల్లెళ్ల సంగతి చెప్పాడు. 1944లో నాజీల రావెన్స్‌బ్రూక్ శిబిరంలో వాళ్లు పడుకునే గడ్డినిండా కుట్టే పురుగులు. అక్క బెట్సీ ఆ పురుగులకు కూడా దేవునికి స్తోత్రం చెప్పమంది. కోరీకి అది మింగుడుపడలేదు. ఆ పురుగుల భయంతోనే కాపలావాళ్లు లోపలికి రావడం మానేశారనీ, అందుకే అక్కడ బైబిలు చదువుకోగలిగారనీ తర్వాత తెలిసింది. బెట్సీ ఆ డిసెంబరులో అక్కడే చనిపోయింది. గొప్ప సాక్ష్యం. కాకపోతే బెట్సీ స్తోత్రం చెప్పింది తను పడుకున్న గడ్డిలోని పురుగులకు. పక్కవాళ్ల పరుపులో పురుగులున్నాయని, స్తోత్రం చెప్పమని వాళ్లకు ఎవరూ వెళ్లి చెప్పకూడదు. నాయనమ్మ ఆయన్ని ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ నెలలో మా ఇంట్లో వరస ఆగిపోయింది. నాన్న 13వ కీర్తన చదివాడు, ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దేవుణ్ణే నిలదీసేది. ఇంకో రాత్రి 88 చదివాడు. అది చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా. కీర్తనల్లో ఇలాంటివి ఉన్నాయని మాకు అప్పుడే తెలిసింది. స్తోత్రాల మధ్యలో వాటికీ చోటుంచారు కాబట్టే ఆ పుస్తకాన్ని నేను నమ్ముతాను.

నాయనమ్మ పుస్తకంలో ఆ పేజీ నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను. ఆవిడ మొదటిసారి ఖర్చు వైపు రాసింది. తేదీ, బాబాయి పేరు. ఇంకేమీ లేదు. తర్వాత పేజీ ఖాళీ, ఆ తర్వాతదీ ఖాళీ. ఎన్ని రోజుల తర్వాతో గానీ జమ వైపు, వణికిన అక్షరాలతో, "రాత్రి నిద్ర పట్టింది." స్తో. లేదు. ఇంకొన్నాళ్లకు, "అన్నం రుచి తెలిసింది." తర్వాత, "వాడి స్నేహితుడు వచ్చి వాడి గురించి గంటసేపు మాట్లాడాడు. నాకు తెలియని సంగతులు చెప్పాడు." దీని చివర మళ్లీ ఆ ఒక్క అక్షరం, చుక్క. బైబిల్లోని విలాపవాక్యాలలో యెరూషలేము కాలిపోయాక రాసిన మాటల మధ్య, ఆయన వాత్సల్యత అనుదినము నూతనముగా పుడుతోందన్న వచనం ఉంది. మూడో అధ్యాయం దాకా వస్తే గాని అది కనబడదు. మొదటి రెండు అధ్యాయాలూ ఏడుపే. ఆ పేజీలు చూశాక అది తొందరపడి చెప్పే మాట కాదని తెలిసింది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన చాలా సంఘాల్లో ఉంటుంది. మొరేవియన్లనే క్రైస్తవ శాఖవాళ్లు 1733లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొదలుపెట్టారని చెబుతారు, వాళ్ల నుంచి మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ అందిపుచ్చుకున్నాడు. మేం బయల్దేరే ముందు నాన్న ఆ ఏడాది పేజీలన్నీ గబగబా చదివేవాడు. తమాషా ఏంటంటే, సగానికి పైగా మాకెవరికీ గుర్తుండేవి కావు. "ఇది ఎప్పుడు జరిగింది?" అని చెప్పినవాళ్లే అడిగేవాళ్లు. జ్వరాలు, పరీక్షలు, రాని ఉత్తరాలు, వచ్చిన ఉత్తరాలు. అప్పట్లో రాత్రుళ్లు నిద్రపట్టకుండా చేసినవి, తీరిపోయాక మనసులోంచి తుడిచిపెట్టుకుపోయాయి. బాధ ఉన్నన్నాళ్లే మనకు దాని జ్ఞాపకం. తీరిందన్న సంగతికి మాత్రం కాగితం కావాలి.

నాయనమ్మ వెళ్లిపోయాక పుస్తకాలు నాన్న దగ్గరున్నాయి. నేనూ తమ్ముడూ చెరో దేశంలో ఉన్నాం. చాప లేదు, ఒకే సమయానికి రాత్రి కూడా అవ్వదు మాకు. అమ్మా నాన్నా, మేమూ, మా పిల్లలూ, ఇంకా మా అత్త, ఆవిడ కూతురు కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. మొత్తం పదిమంది. రూల్స్ అవే: ఇవాళ్టిది, ఒక్కటి, కాపీ కొట్టకూడదు. ఫార్వర్డులు నిషేధం. సూర్యోదయం బొమ్మ మీద వచనం వేసినవి పంపితే లెక్కలోకి రావు.

ఎవరూ ఏమీ రాయని రోజు నాన్న లూకా 17లోంచి ఒకే వాక్యం పెడతాడు: "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగొచ్చి దేవుణ్ణి మహిమపరిచింది ఒక సమరయుడే కదా, మా గ్రూపుకి లెక్క అచ్చంగా సరిపోయింది. ఆ తొమ్మిది మంది తరఫున నేను వాదిస్తాను. యాజకులకు కనబడమని యేసే పంపాడు, వాళ్లు చెప్పిన పనిమీదే వెళ్తున్నారు, అందులో తప్పేముంది? "తప్పని ఆయన కూడా అనలేదమ్మా, ఎక్కడున్నారని అడిగాడు. నేనూ అదే అడుగుతున్నా" అంటాడు నాన్న. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఏదో ఒకటి రాసి పెడతాను.

మొన్న మావాడు పెట్టాడు: "లెక్కల సారు ఇవాళ రాలేదు, పరీక్ష వాయిదా. స్తో." కింద పెద్ద చర్చ మొదలైంది. ఇది మేలుగా చెల్లదని నేను, నూటికి నూరుపాళ్లు చెల్లుతుందని వాడి మేనమామ. అత్త ఎటూ చెప్పకుండా నవ్వుతున్న బొమ్మలు పంపింది. చివరికి నాన్న వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఒరే నాన్నా, ముందు సారుకి ఒంట్లో ఎలా ఉందో ఫోన్ చేసి కనుక్కో. బాగానే ఉన్నారంటే రాసుకో, ఒప్పుకుంటాను."